ఎస్తేరు మేడమ్ మందు, చంద్రమౌళి సార్ శాలువా

వరంగల్‌లో ఎవరికి ఏ కాస్త మంచి జరిగినా ఎక్కడినుంచో ఒక శాలువా ఊడిపడుతుంది. ప్రమోషన్ వస్తే శాలువా, రిటైరైతే శాలువా, ఏమీ చేయకుండా అరవై ఏళ్లు బతికితే దానికీ శాలువా. శాలువా వెనక ఫ్లెక్సీ, ఫ్లెక్సీ వెనక ప్రత్యేక సంచిక. ఆ సంచికలో సన్మానం పొందినవాడి ఫొటో ఒకటి, చేసినవాళ్ల ఫొటోలు అంతకంటే పెద్దవి. ఈ పిచ్చి అంటనివాళ్లు ఊళ్లో కొద్దిమందే ఉన్నారు. వాళ్లలో ఎస్తేరు ఒకతె.

ఎస్తేరు ఊరి బయట ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో మాత్రల తయారీ పాఠం చెబుతుంది. సొంతూరు డోర్నకల్. తండ్రి యోసేపు రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన నుంచి ఆమెకు వచ్చిన ఆస్తి ఒక్కటే, నోరు. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదేమని స్టాఫ్ రూంలో ఎవరో అడిగితే, "మీరు చేసుకున్నరు గదా, ఏం సుఖపడ్డరో జర చెప్పున్రి, నేను గూడ ఇంటా," అంది. మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. సన్మాన సభలకు రమ్మంటే, కప్పుకోవడానికి తనకు ఇంట్లో దుప్పట్లు ఉన్నాయనేది.

ఆమె కనిపెట్టిన మందు సంగతి చెప్పాలంటే ముందు మౌనిక సంగతి చెప్పాలి. మౌనిక ఎస్తేరు తమ్ముడి కూతురు, డోర్నకల్‌లోనే ఉంటుంది. ఆ పిల్లకు ఫిట్స్. దానికి వాడే మందు పరమ చేదు. తల్లి ముక్కు మూసి, తాత ఆ పిల్ల కాళ్లు పట్టుకుని గొంతులో పోసినా సగం బయటికే వచ్చేది. సగమే లోపలికి పోయిన రోజున ఫిట్స్ వచ్చేవి.

"అత్తా, నువ్వు గోలీల టీచర్‌వే గదా, నాకు తియ్యటి గోలి చెయ్యరాదా?" అని ఒకసారి ఆ పిల్ల అడిగింది.

ఎస్తేరు ఎవరికైనా ఎదురు జవాబు చెప్పగలదు గానీ ఆ పిల్లకు చెప్పలేకపోయింది. ఆ వారమే కాలేజీ ల్యాబులో పని మొదలుపెట్టింది. చేదు మందును గోలీ చేసేవాళ్లు మామూలుగా పొడిని గంజితో కలిపి, గింజలుగా కట్టించి, ఆ గింజలకు పైపూత పూస్తారు. నోట్లోనే కరిగే గోలీ అయితే అచ్చులో వేసి గట్టిగా నొక్కేటప్పుడు ఆ పూత చిట్లి చేదంతా బయటపడుతుంది. ఎస్తేరు వరుస మార్చింది. మైనంలాంటి కొవ్వును కరిగించి ముందుగా పొడికే పట్టించింది. అది పూర్తిగా చల్లారాకే గంజి కలిపింది. వినడానికి ఇంతే. కానీ కొవ్వు ఎంత వేడి మీద ఉండాలి, ఎంతసేపు చల్లారాలి అన్నది తేలేసరికి ఆమె నాలుక మొద్దుబారింది. ప్రతి గోలీనీ తానే రుచి చూసి ఉమ్మేది మరి.

చివరికి చేదు లేని గోలీ తయారైంది. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ దాన్ని చూసి మెచ్చుకుంది. మనుషుల మీద పరీక్షలన్నీ తామే చేయించి బజారుకు తెస్తామంది. అయితే ఒక షరతు పెట్టింది. తయారీ పద్ధతికి పేటెంట్ వస్తేనే. ఎవడు పడితే వాడు కాపీ కొట్టగలిగే దాని మీద తాము చెయ్యి పెట్టేది లేదని తేల్చేసింది. అంటే పేటెంట్ వస్తే ఆ గోలీ పిల్లల నోటికి అందుతుంది, రాకపోతే ల్యాబు అల్మారాలో ఉండిపోతుంది.

ఇక్కడ ప్రిన్సిపాల్ డాక్టర్ చంద్రమౌళి గారిని ప్రవేశపెట్టక తప్పదు. తప్పితే ఎంతో బాగుండేది. ఆయన ల్యాబులో అడుగు పెట్టేది ఫొటోగ్రాఫర్ వెంట ఉన్నప్పుడు మాత్రమే. ఖాళీ గాజుకుప్పెను వెలుతురుకు ఎత్తి పట్టుకుని తదేకంగా చూసే ఫొటో ఆయనది ఒకటుంది. కుప్పెలో ఏమీ లేదు, చూపులోనూ లేదు. కానీ దరఖాస్తు కాలేజీ పేరు మీద పడాలి, కాలేజీ తరఫున ఆయనే సంతకం పెట్టాలి. తన పేరు మొదటి ఆవిష్కర్తగా, ఎస్తేరు పేరు రెండోదిగా ఉంటేనే పెడతానన్నాడు.

"పేరు ముందుంటే ఏంది, ఎన్కుంటే ఏంది. గోలి బయటికి రావాలె," అని ఎస్తేరు ఒప్పుకుంది. జీవితమంతా ఎవరినీ లెక్కచేయని మనిషి ఆ ఒక్క చోట లొంగింది.

పేటెంట్ ఏజెంటు శశాంక్ కుర్రవాడే గానీ పని తెలిసినవాడు. దరఖాస్తు రాయడానికి వచ్చినప్పుడే ప్రిన్సిపాల్‌కు గట్టిగా చెప్పాడు.

"సార్, దరఖాస్తు పడేదాకా ఈ పద్ధతి ఎక్కడా అచ్చు కావొద్దు. ముందే అచ్చయితే ఇది కొత్తదని చెప్పుకునే హక్కు పోతది."

"గా మాత్రం నాకు తెల్వదా బాబూ! పీహెచ్‌డీ చేసినోణ్ని," అన్నాడు చంద్రమౌళి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఓరుగల్లు వాణిజ్య మిత్ర మండలి వాళ్లకు ఏడాది సభ పెట్టుకునే వేళయింది. మండలిలో ఉన్నది పత్తి, మిర్చి కమీషన్ వ్యాపారులు. ఎవరికో ఒకరికి సన్మానం చేయకపోతే వాళ్లకు సభ జరిగినట్టుండదు. చంద్రమౌళి తనకు తానే కబురు పంపుకున్నాడు. విచిత్రమేమిటంటే, శశాంక్ మాట తప్పుతున్నానని ఆయనకు తోచనే లేదు. విలేకరులను పిలవొద్దని గట్టిగా చెప్పి మరీ వెళ్లాడు. మనవాళ్ల మధ్య జరిగే సన్మానమూ, మనవాళ్ల కోసం వేసే సంచికా ఆయన దృష్టిలో బయటపెట్టడం కిందికి రావు. పేరంటానికి పిలిచి పసుపు కుంకుమ ఇచ్చినట్టే అది కూడా.

హన్మకొండలో ఫంక్షన్ హాలు. కాలేజీ స్టాఫంతా రావాలని హుకుం, కాబట్టి ఎస్తేరు కూడా వచ్చింది. గుమ్మం దగ్గర లడ్డూ పొట్లంతో పాటు సంచిక చేతికిచ్చారు. కూర్చుని పేజీ తిప్పింది. 'చేదుపై నా జైత్రయాత్ర, రచన: డాక్టర్ చంద్రమౌళి.' సంతకం కోసమని తాను ఇచ్చిన రిపోర్టు మొత్తం అందులో దిగింది. కొవ్వు ఎంత వేడి, ఎంతసేపు చల్లార్చాలి, గంజి ఎప్పుడు కలపాలి, అన్నీ వరసగా ఉన్నాయి. ఎస్తేరు పేరు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా లేదు. లడ్డూ పొట్లం కుర్చీలో పడేసి నేరుగా వేదిక ఎక్కింది.

"సార్, గిది ఎందుకు అచ్చేయించిన్రు? నన్ను ఒక్క మాటన్న అడిగిన్రా?"

"అరె, మనోళ్లే గదమ్మా! ఫికర్ చెయ్యకు. గీ సేట్లు సదువుతరా ఏంది?" అన్నాడాయన, శాలువా జారకుండా సర్దుకుంటూ.

ఆ మాట నిజమే. సేట్లలో ఒక్కడు కూడా చదవలేదు. కానీ ఆ పేజీ వృథా అయిపోతుందని బాధపడి చంద్రమౌళి దాన్ని కాలేజీ వెబ్‌సైటులో పెట్టించాడు. ఎస్తేరు ఆ రాత్రే శశాంక్‌కు ఫోన్ చేసింది, అతను నెత్తి బాదుకుని ఆ వారంలోనే దరఖాస్తు వేశాడు. అయినా ఏం లాభం, సంచిక ముందు, దరఖాస్తు వెనక.

పేటెంట్ ఆఫీసు తొందరపడే చోటు కాదు. చాలా కాలానికి అక్కడి పరీక్షకుడి నివేదిక వచ్చింది. పొడికి పూత పూయడం పాతదే, గంజి కలపడం పాతదే, వరుస మార్చడం ఈ పని తెలిసిన ఎవరికైనా తట్టేదే, ఇందులో కొత్త బుర్ర ఏముందని అభ్యంతరం. ఎస్తేరు దానికి జవాబు రాసింది. పాత వరుసలో చేసిన గోలీలూ, తన వరుసలో చేసిన గోలీలూ పక్కపక్కన పరీక్షించి, ఎందులోంచి చేదు ఎంత బయటపడిందో చూపించింది. ఆ అభ్యంతరం దాదాపు తేలిపోయింది. అప్పుడు విచారణకు పిలుస్తూ నోటీసు వచ్చింది. అందులో కొత్త అభ్యంతరం: దరఖాస్తుకు ముందే ఈ పద్ధతి ఫలానా సంచికలో అచ్చయింది. సాక్ష్యంగా కాలేజీ వెబ్‌సైటులోని ఆ పేజీనే జత చేశారు, శాలువా ఫొటోతో సహా.

శశాంక్ పరుగున వరంగల్ వచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలో ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"ఒక్క దారి ఉంది సార్. అసలు కనిపెట్టిన మనిషిని అడగకుండా వేరేవాళ్లు అచ్చేస్తే, ఆ అచ్చును చట్టం లెక్కలోకి తీసుకోదు. తెలిసిన వెంటనే దరఖాస్తు వేస్తే చాలు, మనం వేసినం. మీరు ఉన్నదున్నట్టు రాసియ్యున్రి. ఇది మేడమ్ కనిపెట్టింది, మేడమ్‌ను అడగకుండా నేను అచ్చేయించిన అని."

"అంటే నేను దొంగనని ఒప్పుకోమంటాన్నవా?"

"దొంగ అన్న మాట ఉండదు సార్. ఆవిష్కర్తల్లోంచి మీ పేరు తీసెయ్యాలె, గంతే."

గంతే అన్న ఆ ముక్క చంద్రమౌళికి చెంపదెబ్బలా తగిలింది. ఆలోచిస్తానన్నాడు. ఎస్తేరు ఆయన వైపు చూసి, ఎన్నడూ లేనిది, చేతులు జోడించింది.

"సార్, మీ పేరుతోపాటు నా పేరు గూడ తీసెయ్యున్రని అడుగుతుంటి. చట్టం ఒప్పుకోదంట. పిల్లల మందు సార్ ఇది. జర దయ జూడున్రి."

"ఎస్తేరమ్మా, నువ్వు ఊకో. నేను చూస్కుంట," అన్నాడు చంద్రమౌళి. ఆయన అంత తియ్యగా పిలిచినప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది.

విచారణ కంప్యూటర్ తెర మీద జరిగింది. కోటు తొడుక్కుని, వెనకాల జ్ఞాపికలన్నీ కనపడేలా కుర్చీ జరిపించుకుని కూర్చున్నాడు చంద్రమౌళి. ఎస్తేరు ఒక పక్కన, శశాంక్ ఇంకో పక్కన. అవతల విచారణాధికారిణి మృదువుగా మాట్లాడే మనిషి. పండిత సభలో చదివిన పత్రం ముందే అచ్చయినా, ఏడాదిలోగా దరఖాస్తు వేస్తే చట్టం పట్టించుకోదు. మిత్ర మండలి కూడా పండిత సభేనని వాదించమని చంద్రమౌళి శశాంక్ మెడ మీద కూర్చున్నాడు. పాపం, అతను వాదించాడు.

"ఆ మండలి సభ్యులు ఏ శాస్త్రం చదువుతారు?" అని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

"వాణిజ్యం, మేడమ్," అన్నాడు శశాంక్ తల వంచుకుని.

"సంచికలో తర్వాతి పేజీలో మిర్చి ధరల పట్టిక ఉంది. అది కూడా పరిశోధన పత్రమేనా?"

ఆవిడే కాగితాలు పక్కకు పెట్టి, కాస్త జాలిగానే, బయటపడే దారి చూపించింది. "నేను ఒక్కటే తెలుసుకోవాలి. ఈ వ్యాసం ఆవిష్కర్త సమ్మతి లేకుండా అచ్చయిందా?"

లేకుండానే అంటే సరిపోయేది. ఎస్తేరు ప్రిన్సిపాల్ ముఖం చూసింది. చంద్రమౌళి కోటు గుండీ సవరించుకున్నాడు.

"సమ్మతి లేకుండా ఎట్లా అచ్చవుతుంది మేడమ్? ఆవిష్కర్తను నేనే. నా చేతులతో రాసి, నేనే ఇచ్చాను."

"అబద్ధం!" అంది ఎస్తేరు. "ఆయనకు కొవ్వు ముందేయాలో గంజి ముందేయాలో తెల్వదు. అడుగున్రి మేడమ్, ఇప్పుడే అడుగున్రి!" కంగారులో ఆమె నోట ఇంగ్లీషు రాలేదు. శశాంక్ ఆ మాటలను ఇంగ్లీషులో చెప్పబోతుంటే చంద్రమౌళి చెయ్యి చాచి మైకు ఆపేశాడు. తనకు ఏమీ వినపడటం లేదని తెర మీద ఆవిడ చెబుతూనే ఉంది.

తర్వాత లిఖితపూర్వకంగా చెప్పుకోమన్నారు. ఎస్తేరు జరిగింది జరిగినట్టు ప్రమాణపత్రం ఇచ్చింది. చంద్రమౌళి కూడా ఇచ్చాడు, ఆమె తన దగ్గర సహాయకురాలు మాత్రమేనని. దరఖాస్తులో మొదటి పేరు ఆయనదే, ఆ మొదటి పేరే ఒప్పుకుంటున్న అచ్చును సమ్మతి లేనిదనడం కుదరదని అధికారిణి దరఖాస్తును తిరస్కరించింది. కంపెనీ మర్యాదగా మూడు ముక్కల్లో సెలవు తీసుకుంది. డోర్నకల్‌లో మౌనిక ముక్కు మూసి పోయడం ఆగలేదు. ఆ కబురు చెప్పడానికి ఎస్తేరు నోరు తెరిస్తే, యోసేపు ఫోన్‌లో అడ్డుపడ్డాడు. "ఊకో బిడ్డా, పిల్ల పక్కనే ఉన్నది, ఇంటది," అన్నాడు.

ఇక చంద్రమౌళి ఏం చేశాడో చెబితే మీరు నమ్మరు. తిరస్కరణ ఉత్తర్వు మొదటి పేజీ మీద పైన ప్రభుత్వ చిహ్నం, కింద ఆవిష్కర్తల్లో మొదట ఆయన పేరు ఉన్నాయి. తిరస్కరించిన సంగతి చివరి పేజీలో ఉంది. ఆయన ఆ మొదటి పేజీకి బంగారు అంచు పటం కట్టించి తన కుర్చీ వెనక గోడకు వేలాడదీశాడు. అంతకుముందు మందు పోగొట్టాడని అసహ్యించుకున్న ఎస్తేరు, ఆ పటం చూశాక ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడం కూడా దండగ అనుకుంది.

ఆ ఏడే కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి తనిఖీ బృందం వచ్చింది. బృందానికి పెద్దగా వచ్చిన ఆయన ప్రిన్సిపాల్ గదిలో అడుగు పెడుతూనే పటం చూసి ముచ్చటపడ్డాడు. చంద్రమౌళి చేతులు కట్టుకుని సిగ్గుపడ్డాడు. పక్కనే నిలబడి ఉన్న ఎస్తేరు ఇక ఆగలేదు.

"సార్, ఆ మందు జేసింది నేను. దానికి పేటెంట్ రాకుంట జేసింది ఈయన. ఆ కాగితం పేటెంట్ కాదు, కొట్టేసిన ఉత్తర్వు. మిగతా పేజీలు తెమ్మనున్రి, సదివి చూడున్రి."

చంద్రమౌళి ముఖం కందగడ్డలా అయింది. పెద్దాయన పటం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూసి, జేబులోంచి పెన్ను తీశాడు.

"నువ్వు చెప్పేది నిజమే కావొచ్చమ్మా," అన్నాడు ఓదార్పుగా. "కానీ మాకు దరఖాస్తు నంబరుంటే చాలు. వచ్చిందా, కొట్టేశారా అన్న గడి మా ఫారంలో లేదు." అని మార్కులు వేసేశాడు.

అందరూ ఫొటో కోసం పటం కింద వరసగా నిలబడుతుంటే ఎస్తేరు తలుపు తీసుకుని బయటికి నడిచింది. వెనక నుంచి చంద్రమౌళి గొంతు వినిపించింది, శాలువాలు తెమ్మని.