దారం కదిలిన చోటు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ మిషన్ల మావయ్య అనేవారు. ఆయనకన్నా పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. పెరట్లో రేకుల కప్పు వేసిన చెక్క షెడ్డే ఆయన లోకం. లోపల ఓ పొడుగు బల్ల, దాని మీద పేగులు బయటపెట్టుకున్న మిషన్లు, మేకులకు వేలాడే బెల్టులు. పని కోసమే షెడ్డు కట్టుకున్నానని చెప్పేవాడు. సరిగ్గా అత్తగారు వచ్చి తమతో ఉండిపోయిన నెలలోనే ఎందుకు కట్టావని ఎవరూ అడగలేదు. అడగకుండానే అందరికీ తెలుసు.

అలాగని ఆ ఇద్దరికీ పోట్లాటలేమీ లేవు. పోట్లాడుకోవాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా. ఆవిడకి అల్లుడంటే మొహమాటం, ఈయనకి అత్తగారంటే బెదురు. ఏ మాటైనా మధ్యలో ఇల్లాలి మీదుగా ప్రయాణం చేయాల్సిందే.

"మీ ఆయనకి టీ చల్లారిపోతోందని చెప్పవే" అనేది ఆవిడ, ఎదురుగా కూర్చున్న అల్లుడి కప్పు వైపే చూస్తూ.

"తాగుతున్నానని మీ అమ్మగారికి చెప్పు" అనేవాడు ఈయన, కప్పులోకి చూస్తూ.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. వచ్చింది వచ్చినట్టు షెడ్డులో తిష్ఠ వేసింది. ఇనుము ముట్టుకుంటే వేళ్లు చురుక్కుమనేవి. ఒక రోజు వీధి చివరి దర్జీ మిషను చక్రం బరువుగా తిరుగుతోందని మావయ్య దాన్ని ఆఖరి మర దాకా విప్పాడు. లోపం కనబడలేదు. బిగించి తిప్పితే మళ్లీ అదే బరువు. ఓటమి ఒప్పుకుని తిరిగి ఇచ్చేస్తే, దర్జీ కొట్లో ఇస్త్రీపెట్టె పక్కన కాసేపు కూర్చుని అది హాయిగా తిరిగింది. చలికి నూనె చిక్కబడింది, అంతే. దర్జీ మంచివాడు, ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, పెళ్లానికి తప్ప. ఆవిడ ఒక్కర్తీ చాలు.

"చలి తగ్గేదాకా మిషన్లు ముందుగదిలో పెట్టుకోండి" అంది ఇల్లాలు.

ముందుగదిలో అత్తగారి కుర్చీ ఉంది. "నాకేం చలి లేదు" అన్నాడు మావయ్య. పళ్లు టకటకలాడుతుండడం వల్ల ఆ మాట రెండు ముక్కలుగా వచ్చింది.

ముందు కుంపటి తెచ్చి, తలుపు బిగించి బొగ్గులు రాజేశాడు. పొమ్మనలేక పొగబెట్టారంటారు. ఈయన తనకి తానే పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చి పడ్డాడు. "మూసిన గదిలో బొగ్గులా? ప్రాణాలు పోతాయండీ" అంటూ ఇల్లాలు నీళ్లు చల్లి ఆర్పేసి కుంపటిని అటక ఎక్కించింది. తర్వాత కరెంటు హీటరు వచ్చింది. దానికి ఎదురుగా కూర్చుంటే మోకాళ్లు మాడేవి, వీపు మాత్రం గడ్డకట్టేది. ఆ వేడంతా ఎటు పోతోందో ఆయనకి అంతుపట్టలేదు. గోడలదే తప్పని తేల్చుకుని, ఇల్లాలు బజారుకెళ్లింది చూసి, అలమరలో అడుగున ఉన్న పాత బొంత ఒకటి తెచ్చి గోడకి మేకులు కొట్టాడు.

ఆఖరి మేకు కొడుతుంటే తలుపు తెరుచుకుంది. అత్తగారు. ఆ షెడ్డులో ఆవిడ అడుగుపెట్టడం అదే మొదటిసారి.

ఆవిడ బొంతని చూసింది. మేకులు చూసింది. చెప్పమనడానికి కూతురు లేదు. అలవాటు కొద్దీ పక్కకి కూడా చూసింది. అక్కడ మిషను ఉంది.

"పాతదనుకున్నానండీ" అన్నాడు మావయ్య, సుత్తిని వెనక దాచుకుంటూ.

"పాతదే. నా చేత్తో కుట్టింది. నేనూ పాతదాన్నే, నన్ను కూడా మేకు కొట్టి వేలాడదీస్తారా?"

జవాబుని ఎవరి ద్వారా పంపాలో మావయ్యకి తెలియలేదు. ఇంతలో బొంత పైఅంచు రెపరెపలాడింది. ఆవిడ కళ్లు అక్కడే ఆగిపోయాయి.

"గాలి గోడలోంచి రావట్లేదు, అల్లుడుగారూ. పైనుంచి దిగుతోంది."

బల్ల మీది ఉండలోంచి జానెడు దారం తెంపి, రెండు వేళ్ల మధ్య వేలాడదీసి గోడ వెంబడే నడిచింది. చెక్క దగ్గర దారం నిటారుగా ఉంది. గుమ్మం కింద వణికింది. రేకూ గోడా కలిసేచోట అందదని ఆవిడ దారం ఆయనకిచ్చి స్టూలెక్కించింది. అక్కడ అది ఏకంగా చిందులు తొక్కింది. ఇన్నాళ్లూ మావయ్య ఆకాశాన్ని వెచ్చబెడుతున్నాడన్నమాట.

మిషన్లు తుడుచుకోవడానికి దర్జీ ఇచ్చిన గుడ్డపేలికల మూట విప్పారు. ఆవిడ వాటిని మెలిపెట్టి అందిస్తే ఆయన సందుల్లో కూరాడు. "ఇంకొంచెం ఎడమకి. అది కాదు, మీ ఎడమ." గుమ్మం కింద అడ్డంగా పెట్టడానికి పొడుగాటి సంచీ కుట్టి పేలికలు దట్టించాలంది. ఆయన అప్పుడే బాగుచేసిన మిషను ముందు తనే కూర్చుని, కుట్టు మధ్యలో ఆగింది.

"ఇది బాగుచేశారా, ఇంకా చేస్తారా? అడుగు కుట్టు వదులుగా పడుతోంది."

ఈ మాట ఇంకెవరన్నా మావయ్య కయ్యానికి కాలుదువ్వేవాడు. వంగి చూశాడు. వదులుగానే ఉంది. దారం బిగింపు మర కాస్త తిప్పి, "ఇప్పుడు చూడండి" అన్నాడు. ఆవిడ కుట్టి చూసి "ఊఁ" అంది. ఆయన జీవితంలో అంత కష్టపడి సంపాదించిన మెప్పు మరొకటి లేదు.

బజారు నుంచి వచ్చిన ఇల్లాలికి ఇల్లు ఖాళీగా కనిపించింది. పెరట్లోకి వెళ్తే షెడ్డులోంచి తల్లి గొంతు, మొగుడి గొంతు, ఒకదాని వెంట ఒకటి, మధ్యలో తను లేకుండానే. సంతోషించాల్సిందే, సంతోషించింది కూడా. కానీ ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగం చెప్పాపెట్టకుండా పోయినట్టు చేతిలో సంచీతో అలా నిలబడిపోయింది.

అప్పటినుంచి చిన్న హీటరుకే షెడ్డంతా వెచ్చబడేది. అత్తగారు రోజూ టీ అక్కడే తాగేది. బాగైన ప్రతి మిషను మీదా ఓ గుడ్డముక్క కుట్టి చూసి గానీ ఇవ్వనిచ్చేది కాదు. మిషన్ తెచ్చినవాళ్లు జబ్బేమిటో మావయ్యకి చెప్పబోతే ముందు ఆవిడే వినేది.

వారం తిరక్కుండా మావయ్య బజారు నుంచి వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి మోసుకొచ్చాడు.

"ఎవరికండీ?" అంది ఇల్లాలు.

"కస్టమర్లకి. పాపం, నిలబడే ఉంటున్నారు."

ఇల్లాలు కుర్చీ చుట్టూ ఓసారి తిరిగి చూసింది. "కస్టమర్లకి మెత్తటి దిండు కూడానా?"

మావయ్య వినిపించనట్టే కుర్చీని షెడ్డులోకి మోసుకుపోయాడు.