ఉప్పలయ్య నంబరు కలవని నాడు

చిలుకూరు మండలంలో గొర్లు కాసే ఇళ్లలో ఎవరిని లేపి అడిగినా ఉప్పలయ్య ఫోను నంబరు తడుముకోకుండా చెబుతారు. సొంత నంబరు మరిచిన వాళ్లుంటారు గానీ ఆయన నంబరు మరిచిన వాళ్లు లేరు. మంద ఏ ఊరి పొలిమేరలో ఉన్నా, గొర్రె కాలు విరిగినా, లారీ రాకపోయినా, రైతు మాట తప్పినా ఆ నంబరుకే కొట్టాలి. ఉప్పలయ్య చెప్పినట్టు చెయ్యాలి.

ఆ పేరు ఊరికే రాలేదు. ఊరి బడిలో ఐదో తరగతితోనే చదువు ఆగింది. తండ్రి పోయేనాటికి దొడ్డిలో మిగిలినవి నాలుగు ముసలి గొర్రెలు. వాటినే మందగా పెంచాడు. గొర్ల కాపరుల సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడయ్యాడు. ఊళ్లో గొర్లు నీళ్లు తాగే తొట్టి కట్టించింది ఆయనే. ఏటా వానలకు ముందు సూదులు వేసే డాక్టరును ఊరికి రప్పించిందీ ఆయనే. సూర్యాపేటలో పెట్టిన పొట్టేళ్ల పోటీలో ఆయన పొట్టేలుకే మొదటి బహుమతి వచ్చింది. ఆ రోజు కప్పిన శాలువా ఇప్పటికీ పెట్టెలో మడత చెదరకుండా ఉంది. కరువు ఏడాది ఊళ్లో మందలన్నీ అయినకాడికి అమ్ముడుపోతుంటే, ఉప్పలయ్య తన మందను మఠంపల్లి దిక్కు, కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయి, ఒక్క పిల్లనూ పోనీయకుండా తిరిగి తెచ్చాడు. ఇవి ఆయన చెప్పుకుంటే తెలిసినవి కావు. ఊరు కళ్లారా చూసినవి.

ఇంట్లోనూ అదే కట్టుబాటు. కొడుకు నగేష్‌కు నలభై దాటాయి. భార్య ప్రశాంతితో కలిసి మంద వెంట తిరిగేది అతనే, కానీ మాట మాత్రం తండ్రిది. ఒకసారి సంతలో మంచి బేరం తగిలిందని నగేష్ తండ్రిని అడగకుండా ఒక పొట్టేలును అమ్మాడు. ఉప్పలయ్య అతన్ని నలుగురి ముందు నిలబెట్టి కడిగేశాడు. కొన్నవాణ్ణి వెతికి, పొట్టేలును భుజాన వేసుకొచ్చేదాకా ఇంట్లో కంచం పెట్టనివ్వలేదు. "నా మాట లేంది నా మందల ఒక్క గొర్రె కదలదు" అని ఆయన పదిమందిలో చెప్పుకునేవాడు. అవునవునని తల ఊపిన వాళ్లే ఎక్కువ.

ఈ మధ్య ఒక ముల్లు గుచ్చుకుంది. సంఘానికి కొత్తగా అధ్యక్షుడైన అంజన్న వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు. లారీల సంగతి, మేత సంగతి, సూదుల రోజు, అన్నీ అందులోనే. ఉప్పలయ్యది బటన్ల ఫోను. ఈసారి సూదుల డాక్టరు వచ్చి వెళ్లిన తర్వాత గానీ ఆయనకు తెలియలేదు.

"గ్రూపుల పెట్టినం గదా ఉప్పలన్నా," అన్నాడు అంజన్న హోటల్ దగ్గర చాయ్ తాగుతూ. "నీ ఫోనుకు కండ్లు లేకపాయె. మేమేం జెయ్యాలె?"

బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. ఉప్పలయ్య చాయ్ సగంలో వదిలేసి లేచి వచ్చాడు.

అందుకే, వరికోతల కాలంలో చవకలో కొత్త ఫోను ఒకటి దిగుతున్నదని కోదాడ నిండా బ్యానర్లు కట్టగానే, దిగిన రోజే కొనాలని పట్టుబట్టాడు. భార్య లింగమ్మ మెల్లగా అంది, "నాలుగొద్దులు ఆగితె ఏం బోయింది? నగేషు రాంగనే వాడే తెస్తడు గద." నగేష్, ప్రశాంతి అప్పటికి మందతో నిడమనూరు దిక్కున ఉన్నారు. హేమ్లా రాజేందర్ అనే రైతు కోసిన పొలాల్లో ఏటా మంద పెడతారు. గడ్డి గొర్లకు, ఎరువు పొలానికి. అది ఏళ్ల నాటి పొత్తు.

"వాడు తెచ్చేదేంది? నేనే కొంట," అన్నాడు ఉప్పలయ్య.

కోదాడ బస్టాండు దగ్గరి షాపు ముందు జనం రోడ్డు మీదికి వచ్చారు. లోపల కౌంటరులో అఖిల అనే అమ్మాయి, చిలుకూరు పక్క తండా పిల్ల, ఒక చేత్తో వేలిముద్రలు తీసుకుంటూ ఇంకో చేత్తో పెట్టెలు అందిస్తున్నది. ఉప్పలయ్య ఫోను చేతికి తీసుకుని పాత సిమ్ము ఇచ్చాడు. అఖిల దాన్ని తిప్పి చూసింది.

"ఇది పెద్ద సిమ్ము తాతా. గీ ఫోన్ల పట్టది. కొత్తది మార్చాలె. అయితె ఇయ్యాల మార్చుకోకుండ్రి."

"ఏమ్, ఎందుకు?"

"కొత్త ఫోను ఇయ్యాలనే దిగింది గద. సూర్యాపేట, మిర్యాలగూడ, గీడ కోదాడ, అన్ని షాపులోళ్లం ఒక్కపారే కంపెనీకి పంపుతున్నం. గాడ ఆధార్ సూస్తరు, మొఖం ఫోటో సూస్తరు, పాత సిమ్ము బంద్ జేస్తరు, అటెంక కొత్తది ఎక్కిస్తరు. బంద్ జేసుడు జల్ది అయితది. ఎక్కిచ్చుడే లైన్ల వడ్డది. పొద్దున ఇచ్చినోళ్లయే ఇంకా కాలె. నడుమ మీకు ఏ ఫోనూ ఉండది."

"ఎంతసేపు?"

"జెప్పలేను తాతా. దొడ్డి తడిక తీసినంక గొర్లన్నీ ఒక్కపారి దూరితె ఏమైతది? గట్లనే ఉంది. రెండొద్దులు ఆగి రాండ్రి. లేదా కొత్త నంబరు తీస్కోండ్రి, అదైతె ఆలస్యమైనా మీ పాతది నడుస్తనే ఉంటది."

వెనక నిలబడ్డ కుర్రవాడెవడో అన్నాడు, "కొత్త నంబరే తీస్కో తాతా. నీకెవలు జేస్తరు?"

ఉప్పలయ్య వెనక్కి తిరిగాడు. సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణయ్యానన్నాడు, నీళ్ల తొట్టి అన్నాడు, సూర్యాపేట బహుమతి అన్నాడు. ఇన్ని ఊళ్లలో ఎన్ని మందలు ఆ నంబరు మీద నడుస్తున్నాయో చెప్పాడు. "ఆ నంబరే నా పేరు. నంబరు మార్చుడు లేదు, ఆగుడూ లేదు. నువ్వు ఎక్కియ్యి బిడ్డా. పెద్దమనిషి నంబరంటె గాడ ముందుగాల జూస్తరు."

"గాడ ఎవరూ మనిషిని సూడరు తాతా," అంది అఖిల. వేలు పెట్టించుకుంది.

బస్సు చిలుకూరు చేరేలోపే పాత సిమ్ము బంద్ అయింది. కొత్త ఫోను అద్దం మీద సిగ్నల్ గీతలు ఉండాల్సిన చోట ఒక అడ్డగీతే ఉంది. సాయంత్రం ఇంటి ముందు మంచమేసుకుని ఆ ఫోనును అందరికీ కనబడేట్టు పట్టుకుని కూర్చున్నాడు ఉప్పలయ్య. వచ్చిపోయేవాళ్లు చూసి మెచ్చుకున్నారు.

"ఇయ్యాల నగేషు ఫోను రాలె," అంది లింగమ్మ.

"సిమ్ము ఎక్కాలె. రేపటికి అయితది."

"పక్కింటి సరోజన ఫోన్ల ఒకపారి చేసి సూడరాదు? పానం ఎట్లనో ఉంది."

కొత్త ఫోను కొన్ననాడు పక్కింటికి పోయి ఫోను అడగడమా? ఉప్పలయ్య ఫోను అద్దాన్ని కండువాతో తుడిచాడు. లింగమ్మ రెండోసారి అడగలేదు. ఆమెకూ ఆ ఇంటి కట్టుబాటు తెలుసు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ కోదాడ పోయాడు. షాపు ముందు నిన్నటికంటే ఎక్కువ జనం, సగం మంది తనలాంటి వాళ్లే. ఒకావిడ కూతురి కాన్పు కబురు రావాలని కూర్చుని ఉంది. అఖిల కంప్యూటరులో చూసి, "లైన్లనే ఉంది తాతా," అంది. కాసేపాగి తన ఫోను తీసి ఇచ్చింది. "ఇంటోళ్లు పరేషాన్ అయితరు. ఎవలికన్న జేసేదుంటె జెయ్యుండ్రి."

జనమంతా చూస్తున్నారు. నిన్నటి కుర్రవాడు కూడా ఉన్నాడు.

"నేనెవ్వరికీ జెయ్య బిడ్డా. నాకే అందరు జేస్తరు," అని ఆ ఫోనును వెనక్కి నెట్టాడు.

మధ్యాహ్నం దాటాక గీతలు వచ్చాయి. వచ్చీ రాగానే చేతిలో ఫోను ఆగకుండా అదిరింది. అఖిల తొంగిచూసింది. మీకు ఫలానా నంబరు నుంచి ఫోన్ వచ్చిందని ఒకదాని కింద ఒకటి మెసేజీలు. అన్నీ ఒకటే నంబరు. చివరి అంకెలు చూసి ఉప్పలయ్య గుర్తుపట్టాడు. నగేష్‌ది. ఇంతలో అదే నంబరు నుంచి ఫోను మోగింది. ఎలా ఎత్తాలో తెలియక అద్దం మీద తడుముతుంటే అఖిల వేలితో జరిపి చెవికి ఆనించింది.

"మామా, ఏడ వోయినవ్?" ప్రశాంతి గొంతు. "నిన్న పగటాల నుంచి జేస్తున్నం."

"ఏమైంది?"

"మేం బువ్వ తింటాంటె గొర్లు రాజేందర్ కల్లంల జొరవడ్డయి. ఆరవోసిన వడ్లు కడుపునిండ తిన్నయి. మీదికెల్లి నీళ్లు తాగినయి. పొద్దుమీకెటాల్లకు నెమరు ఆగింది, కడుపులు ఉబ్బినయి. తెల్లారెటాల్లకు పడుడు మొదలైంది."

"డాక్టరును పిలిచిండ్రా?"

"ఇప్పుడే ఫోను గుంజుకొని నేనే పిలిచిన. నిన్ననే పిలుస్త అంటె నీ కొడుకు పిలువనియ్యలె. నాయిన జెప్పాలె అన్నడు. వడ్లు తిన్న సంగతి బయటవడితె నాయిన పేరు పోతదన్నడు. రాజేందర్ లోడుతోని మిర్యాలగూడ మిల్లుకు వోయిండు, ఆయనకు గూడ జెప్పనియ్యలె. ఫోను పట్టుకొని కూసున్నడు మామా, నీకు కలుస్తదని."

"ఎన్ని..."

"నువ్వు రా."

కోదాడ నుంచి హుజూర్‌నగర్, అక్కణ్ణుంచి మిర్యాలగూడ, మళ్లీ నిడమనూరు బస్సు. దారి పొడవునా రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిల్లుల ముందు ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. ఉప్పలయ్య ఫోను రెండుసార్లు మోగింది. ఎవరో కాపరులు. ఎత్తడం రాక చూస్తూ కూర్చున్నాడు.

ఆయన చేరేసరికి పొద్దు వాలుతోంది. గట్టు పొడవునా చచ్చిన గొర్రెలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి, కడుపులు ఉబ్బి, కాళ్లు బిగుసుకుపోయి. అవతల డాక్టరు, మిగిలిన వాటి నోళ్లలో సీసాతో సోడా నీళ్లు పోస్తున్నాడు. ప్రశాంతి ఒక్కొక్కదాని మెడ పట్టుకుంటున్నది. ఆమె చీర మోకాళ్లదాకా బురద.

"నిన్న పగలే పిలిస్తే చాలామటుకు బతికేవి పెద్దాయనా," అన్నాడు డాక్టరు తలెత్తకుండా. "వంటసోడా నీళ్లు పట్టినా తట్టుకునేవి."

రాజేందర్ మిల్లు నుంచి అప్పుడే వచ్చాడు. ఖాళీ ట్రాక్టర్ పక్కన నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. "వడ్లు పోతె పోతయి. గొర్లు నా పొలంల జచ్చినయి," అన్నాడు. "నాకొక్క మాట జెప్తె నేనే సోడా తెస్తుంటి గద. నేనేమన్న అంటనని అనుకున్నరా?"

నగేష్ గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. తండ్రిని చూసి లేచాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ఇంకా ఫోను ఉంది.

ఉప్పలయ్య నోటిదాకా తిట్టు వచ్చింది. ఇంత వయసొచ్చింది, తెలివి లేదా అని. కొడుకు మొహం చూశాక ఆ తిట్టు బయటికి రాలేదు.

"నాయినా," అన్నాడు నగేష్, "ఈటిని ఏం జెయ్యమంటవ్? గొయ్యి ఏడ తవ్వాలె?"

డాక్టరు చేతిలో సీసా ఆగింది. రాజేందర్ కూడా ఇటు చూశాడు. ఉప్పలయ్య వరసగా పడి ఉన్న గొర్రెల వంక చూశాడు. ఒక్కొక్కదాన్నీ ఏ తల్లి ఈనిందో ఆయనకు తెలుసు. వంగి ఒకదాని కడుపు మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"కాల్వ దిక్కు వద్దు, నీళ్లలకు వోతది," అంది ప్రశాంతి, పట్టుకున్న గొర్రె మెడ వదలకుండానే. "ఆ బీడు చెల్కల లోతుగ తవ్వుండ్రి. రాజేందరన్నా, ట్రాక్టర్ జర ఇటు తీస్కరా, మోసుకవోలేం."

నగేష్ తండ్రి మొహంలోకి ఒకసారి చూశాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, పార తీసుకుని బీడు వైపు నడిచాడు.

ట్రాక్టర్ కదిలింది. వెనక్కి వస్తూ గట్టు దగ్గర ఆగింది.

"పెద్దాయనా," అన్నాడు రాజేందర్ పైనుంచి, "జర పక్కకు జరుగు. బండి మలపాలె."

ఉప్పలయ్య జరిగాడు.