పిట్టలు ఎగిరేదాక

1988 ఎండాకాలం. ధర్మపురి దాటినంక గోదావరి గడ్డ మీద, అడివి మొదట్ల, ఫారెస్టోళ్ల రెస్ట్ హౌస్ ఒకటుండె. నేను అండ్ల వంటమనిషిని. పెనిమిటి పోయినంక కోనరావుపేట నుంచి అచ్చి ఆ కొలువుల చేరిన. రెండు సూట్లు, సూట్ అంటే స్నానాల గది ఉన్న పెద్ద అర్ర, ముంగట వరండ, వెనుక నా వంటిల్లు. బస్సు దిగినంక రెండు గంటలు నడిస్తే గని చేరరు. వరండల కూసుంటే ఇసుక మీద మొసళ్లు పండుకున్నది కనపడేది, పొద్దుగూకంగ నీటికుక్కలు గుంపుగ ఆడేటియి. వాటిని చూడనీకే పర్మిట్ తీసుకొని మనుషులు అస్తుండె. అన్నలు, అదే నక్సలైట్లు, తిరుగుడు ఎక్కువైనంక అచ్చుడు బంజేసిండ్రు.

గసుంటి యేట ఒక మేడం ఒక్కతే అచ్చింది. సముద్రం దిక్కు ఊరు, కాలేజీల పాఠాలు చెప్తదట. గోదావరి నడుమ ఇసుక దిబ్బ మీద గుడ్లు పెట్టే పిట్టల గురించి రాసుకోనీకి అచ్చింది. పసుపు ముక్కు, నల్ల నెత్తి, కత్తెర తోక. గూడు అంటే ఇసుకల చిన్న గుంత, అంతే. ఎండకు గుడ్లు ఉడికిపోకుంట తల్లి పిట్ట నీళ్లల్ల కడుపు తడుపుకొని అచ్చి వాటి మీద కూసుంటది. ఇన్నేండ్లు ఆడ ఉండి గది నేను చూడనేలేదు. మేడం టెలిస్కోప్‌ల చూపెట్టింది.

ఒకనాడు పట్టపగలు, నేను పప్పు దించుతున్న, అయిదుగురు అన్నలు వరండల కాలు పెట్టిండ్రు. నీళ్లడిగి తాగిండ్రు. వాళ్ల పెద్ద మనిషి సిరిసిల్ల దిక్కు మగ్గాల ఇంటోడని మాటల్నే తెలిసింది.

"గామె ఎవలక్కా? అద్దాలు పెట్టి అవతలి గడ్డ దిక్కు ఏం చూస్తున్నది?"

"పిట్టలను, అన్నా."

"పిట్టల కోసం ఇంత దూరం అస్తరా?"

"నేను గూడ గట్లనే అనుకున్న. మీరే చూడుండ్రి."

టెలిస్కోప్‌ల కన్ను పెట్టిండు. చానాసేపు తియ్యలే. తీసినంక అన్నడు, "వారం దినాల్ల బంగ్లా ఖాళీ చేయుండ్రి. పోలీసోళ్లు ఈడ క్యాంపు పెట్టనీకి చూస్తున్నరు. దీన్ని ఉండనియ్యం."

మేడం లేచి నిలవడ్డది. "గుడ్లు ఇప్పుడిప్పుడే పగులుతున్నాయి. పిల్లలు ఎగరడానికి నెల పడుతుంది. అప్పటిదాకా నేను కదలను."

నాకు వంటింట్లకు ఉరకబుద్ధయింది. కని ఆమె గంత ధైర్యంగ నిలవడ్డంక నేను మూలకు ఎట్ల నక్కుదు? "అన్నా, ఒక మాట ముందుగాలనే చెప్త. రేపు పోలీసోళ్లు అడిగితే మీరు అచ్చిండ్రనే చెప్త. వాళ్లేం మాట్లాడిండ్రని మీరడిగితే గదీ చెప్త. ఎవలకూ దాయ."

ఆయన నా మొఖం దిక్కే చూసిండు. "చెప్పు" అన్నడు. "నెల దినాలు. ఆ తెల్లారి ఎవలు ఉండొద్దు."

మూడు దినాలకు పొద్దుగాల పోలీసు జీపచ్చింది. ఏమడిగినా చూడలేదనుమని మా రేంజర్ సారు అంతకుముందే చెప్పి ఉండె. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఎస్సై నమ్మలే.

"తుపాకులు పట్టుకొని పిట్టలను చూసిండ్రా? నన్ను పిచ్చోణ్ని చేస్తున్నవా?"

ఇద్దరినీ ఠాణాకు తోల్కపోయిండ్రు. మేడంను ఒక అర్రల, నన్ను ఒక అర్రల కూసోబెట్టి అడిగిందే అడిగిండ్రు. భయపెట్టిండ్రు, కొలువు పోతదన్నరు. నేను మాట మార్చలే. ఆమె చెప్పిందీ నేను చెప్పిందీ ఒక్కతీరుగ ఉండేసరికి పొద్దు వాలంగ ఇడిసిపెట్టిండ్రు.

మేం తిరిగచ్చేసరికి దిబ్బ మీద ఊరకుక్కల అడుగులు. గడ్డకు దిబ్బకు నడుమ పాయ ఎండి దారి పడ్డది. మూడు గూళ్లు ఖాళీ. మేడం ఇసుకల కూలవడి ఏడ్చింది. తెల్లారి నుంచి ఒక పూట ఆమె, ఒక పూట నేను, కట్టె పట్టుకొని పాయ కాడ కావలి ఉన్నం. కూర అడుగంటినా, అన్నం మాడినా ఆమె ఒక్క మాట అనలే. తలకు తడిబట్ట సుట్టుకొని నెల గడువు నిండేదాక గట్లనే గడిపినం.

పిల్లలు ఒక్కొక్కటే రెక్కలు కొట్టి, పడి, మళ్ల లేసి, ఆఖరికి నీళ్ల మీద తేలిపోయినయి. కడపటి పిల్ల ఎగిరిన నాడు మేడం నా చేతులు పట్టుకొని నిలవడ్డది. మర్నాడు ఆమెను జగిత్యాల బస్సు ఎక్కించిన. బోళ్లు, పరుపులు బండ్ల ఏసుకొని నేనూ ఎల్లిన. రెండు దినాలకు అన్నలు బంగ్లా కూల్చేసిండ్రని ఇన్న. మనిషి ప్రాణం ఏదీ పోలేదు.

అటెన్క కోరుట్ల ఆఫీసుల వంట చేసుకుంట రిటైర్ అయిన. అన్నలకూ పోలీసోళ్లకూ ఒకే మాట చెప్పితే బతుకుతరని నేను అనను. గట్ల చెప్పినా బతకనోళ్లు మా దిక్కు ఉన్నరు. కని అర్రల ఒక్కదాన్నే కూసున్న నాడు నాకు ఒకటి ఎరుకైంది. ఎవలకేం చెప్పిన్నో యాది పెట్టుకునే పని లేకపోతే, భయం ఎంతున్నా మనిషి నిలవడగలుగుతది.