మెట్‌పల్లి తూటాకు నేను దిష్టి తీసిన శుక్రవారం

ఇది చదివినాక మీరు నన్ను తిట్టుకోకుండా ఉండలేరు. తిట్టుకోండి. దమ్మామ్‌లో మా క్యాంపు క్యాంపంతా నిలబడి తిట్టింది, మీరెంత? ఒక పెనం, ఒక నిమ్మకాయ, ఒక పొట్లం ఎండుమిరపకాయలు. ఈ మూడింటితో మనిషి ఎంత నాశనం చేయగలడో లోకానికి చూపించినవాణ్ణి నేనే. అప్పటికి నాకు యాభై దాటాయి. యాభై దాటితే బుద్ధి వస్తుందని చెప్పినవాడెవడో గాని, వాడు నన్ను చూడలేదు.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా. మిగతా చదువంతా సొంతం. ఉర్దూ దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నాను. అరబ్బీ అక్షరాలు పాలడబ్బాల మీద, సౌదీలో ఉండనిచ్చే ఇకామా కార్డుల మీద కూడబలుక్కున్నాను. పని షట్టరింగ్ కార్పెంటరు పనే అయినా, క్యాంపులో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివి అర్థం చెప్పేది నేను. "పోశెట్టి కాకా చెప్పిండు" అంటే ఇక దానికి అప్పీలు లేదు. కొత్తగా దిగిన సెల్‌ఫోన్ పిల్లలు "కాకా, నువ్వు ఎంతదాక చదివినవ్?" అని అడిగేవారు. అరికాలి మంట నెత్తికెక్కేది. ఇప్పటికీ ఎక్కుతుంది. సరే, కథలోకి పోదాం.

అవి నితాఖత్ రోజులు. సౌదీ యువకులను తగినంతమందిని పనిలో పెట్టుకున్న కంపెనీ సర్కారు లెక్కలో పచ్చ, పెట్టుకోనిది ఎరుపులో పడేది. ఎరుపులో పడితే మా ఇకామాలు రెన్యూవల్ కావు. దానికి తోడు తలకింత అని లెవీ. మా కంపెనీ ఎర్రగా పండిన మిరపపండులా ఉండేది. వారం వారం క్యాంప్‌బాస్ ఖాన్‌సాబ్ గేటు దగ్గర నిలబడి లిస్టు చదివేవాడు. పేరు వచ్చిందంటే ఫైనల్ ఎగ్జిట్, పెట్టె సర్దుకోవడమే. అందుకని ఎవరి పేరు పిలిచినా మాలో ఎవరమూ వెంటనే పలికేవాళ్ళం కాము. ముందు దాక్కునేవాళ్ళం, తర్వాత సంగతి కనుక్కునేవాళ్ళం. ఈ అలవాటు గుర్తు పెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఆ చలికాలమే నరేశ్ వేరే సైటు నుంచి మా క్యాంపులో దిగాడు. మెట్‌పల్లి పిల్లగాడు, ఇరవై రెండేళ్ళు, కట్టెపుల్లకు అంగీ తొడిగినట్టు ఉంటాడు. మొదటి శుక్రవారం మా టీము కెప్టెన్ లింగన్న, మనిషి తక్కువైతే, వీణ్ణి గ్రౌండుకు పట్టుకుపోయాడు. గ్రౌండంటే క్యాంపు వెనక మట్టినేల, మధ్యలో మేమే పోసుకున్న సిమెంటు పట్టీ. టేపు చుట్టిన టెన్నిస్ బంతి చేతికిచ్చారు. వాడు ఉరికొచ్చి వేశాడు. బ్యాటు పట్టినవాడు ఆడడానికి బ్యాటు ఎత్తేసరికి లింగన్న వెనక పడ్డ స్టంపు ఏరుకుంటున్నాడు.

అంతే! క్యాంపుకు పూనకం వచ్చింది. నాలుగో శుక్రవారానికి రెండు బస్సుల జనం. జుబేల్ నుంచి కూడా వచ్చేవారు. ఓవర్‌టైం వదులుకుని వచ్చినవాళ్ళున్నారు, ఆ రోజుల్లో ఓవర్‌టైం వదలడమంటే కిడ్నీ వదిలినట్టే. మెస్సు గోడ మీద వాడి వికెట్లు బొగ్గుతో గీసేవాళ్ళం. గోడ చాలక పక్కగోడ ఎక్కాం. 'మెట్‌పల్లి తూటా' అని పేరు పెట్టింది నేనే. ఫిలిప్పీన్ ఎలక్ట్రీషియన్ ఒకడు చూసి, "మా బేస్‌బాల్‌లో ఐతే వీడు పెద్ద పిచ్చర్, ఇలా విసిరేవాడికి అక్కడ గుడి కడతారు" అన్నాడు. "విసరడమేందయ్యా! మావాడు మోచెయ్యి వంచడు, బౌలింగ్ చేస్తాడు" అని వాడితో గంటసేపు పోట్లాడాను. పాపం వాడు పొగడడానికి వచ్చాడు.

ఇంతలో అసలు సంగతి బయటపడింది. వాడి ఇకామా చదివింది నేనే. ఇరవై రోజుల్లో తీరిపోతుంది. మా ఎర్ర కంపెనీ రెన్యూవల్ చేయలేదు. ఇల్లు కట్టిన అప్పు తీరకముందే పిల్లగాడు ఇంటికి పోవాలి. దారి ఒక్కటే. పచ్చ కంపెనీ ఏదైనా వాణ్ణి లాక్కోవాలి, దానికి మా యజమాని కఫీల్ ఒప్పుకోలు అక్కరలేదు.

క్యాంపుల టోర్నీ సెమీఫైనల్ మాకూ ఒక పచ్చ కంపెనీ టీముకూ పడింది, వాళ్ళ గ్రౌండులో. ఆ కంపెనీ సేఫ్టీ మేనేజరు మంగళూరాయన, క్రికెట్ అంటే ప్రాణం. ఆయన కారుకు అడ్డంపడి బతిమిలాడాను.

"శుక్రవారం పొద్దున ఆరున్నరకు వస్తాను. ఎనిమిది దాకా ఉంటాను, తర్వాత డ్యూటీ ఉంది. మీవాణ్ణి చూస్తాను. నచ్చితే కాగితాలు పెడతాను" అన్నాడాయన.

అప్పటినుంచి నాకు నిద్ర లేదు, కూడు లేదు. గురువారం పొద్దుగూకి నరేశ్ భుజం పట్టుకుని, "కాకా, జర పట్టేసినట్టున్నది" అన్నాడు. పట్టదా మరి! రెండు బస్సుల కళ్ళు మూడు నెలలుగా ఆ ఒక్క చేతి మీదే ఉంటే!

శుక్రవారం తెల్లారి ఐదున్నర. బయట టీము బండి హారన్ కొడుతోంది. నేను నరేశ్‌ను మా గదిలో కూర్చోబెట్టాను.

"కాకా, గిప్పుడు గివన్ని ఎందుకు? లింగన్న పిలుస్తుండు."

"నోరు మూసుకొని తూర్పు మొకాన కూసో. రెండు నిమిషాల పని."

మంచం కింద పెట్టెలోంచి కరెంటు పొయ్యి తీశాను. గదిలో వంట నిషేధం, పొయ్యి దొరికితే లిస్టులో పేరే. అయినా తీశాను. పొయ్యి మీద పెనం పెట్టి, ఉప్పు, ఆవాలు, పిడికెడు మిరపకాయలు వాడి తల చుట్టూ మూడుసార్లు తిప్పి పెనంలో వేశాను. మీకు తెలిసిందే కదా, దిష్టి లేకపోతే మిరపకాయ ఘాటు కొడుతుంది, దగ్గొస్తుంది. ఘాటు రాలేదంటే బలమైన దిష్టి తగిలినట్టు.

ఘాటు రాలేదు.

"చూసినవా బిడ్డా! ఎంత దిష్టి ఉన్నదో!" ఇంకో పిడికెడు వేశాను. రాలేదు. నిమ్మకాయ కోసి పడేశాను. రాలేదు. నాకు చెమటలు పట్టాయి. ఇంత దిష్టితో పసివాడు ఎలా బతికి ఉన్నాడా అనుకుంటూ పొట్లం పొట్లమంతా కుమ్మరించాను.

"కాకా, పొయ్యి ఇంక కాలనే లేదేమో" అన్నాడు నరేశ్.

ఆ మాట నాలుగో తరగతి చదివిన నాకు తట్టాల్సింది. తట్టలేదు. పాత పొయ్యి, కాలడానికి పది నిమిషాలు తీసుకునేది. సరిగ్గా అప్పుడే కాలింది.

తర్వాత జరిగింది చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు, అప్పుడు ఊపిరి కూడా లేదు. గది నిండా ఎర్రటి పొగ. నరేశ్ కళ్ళు పట్టుకుని బయటకు ఉరికాడు. కప్పుకు కొత్తగా బోర్లించిన తెల్లగిన్నె ఒకటుంది. దాన్ని చూసి "గీ బొచ్చె ఎందుకు పెట్టిండ్రో" అని నెల రోజులుగా ఎగతాళి చేస్తున్నాను. ఎందుకు పెట్టారో ఆ పొద్దున అది కుయ్యోమని అరిచి మరీ చెప్పింది. దానివెంట క్యాంపులోని గిన్నెలన్నీ అందుకున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను భుజానికి మందేస్తే క్యాంపే ఊడింది. లుంగీలవాళ్ళు, సబ్బు నురగలవాళ్ళు, ఒంటి చెప్పువాళ్ళు, అందరూ గేటు వైపు ఉరికారు.

నేను మాత్రం సాక్ష్యం దొరకకుండా కాలే పెనాన్ని తువ్వాలతో పట్టుకుని బాత్‌రూముల వైపు ఉరికాను. ఆఖరుదాంట్లో దూరి, గొళ్ళెం పెట్టి, పెనాన్ని బకెట్‌లో ముంచాను. సుయ్యిమని ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో ఉన్న కారం మా ఊరు ఊరంతా ఏడాది తినొచ్చు.

కాసేపటికి అలారం ఆగింది. అమ్మయ్య అనుకున్నాను. చిన్న కిటికీలోంచి ఖాన్‌సాబ్ గొంతు వినిపించింది. మనుషులను లెక్కపెడుతున్నాడు.

"ఏక్ ఆద్మీ కమ్ హై!"

ఒకడు తక్కువ. మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ ఒకడు తక్కువే.

"ఖాన్‌సాబ్, మ్యాచ్ ఉన్నది, గేటు తియ్యండి!" లింగన్న బతిమిలాడుతున్నాడు.

"లెక్క తేలేదాకా చీమ కూడా బయటకు పోదు. సివిల్ డిఫెన్స్ ఫైరింజన్ వచ్చింది, లోపల ఎవడైనా కాలి చచ్చి ఉంటే నా మెడకు!" అన్నాడు ఖాన్‌సాబ్ హిందీలో.

నా గడియారంలో ఆరున్నర. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడ్రా ఆ ఒక్కడు! ఏ మూల మొద్దునిద్ర పోతున్నాడో దరిద్రుడు! వాడి ఒక్కడి మూలంగా నా బిడ్డ బతుకు పోతోంది కదరా! దొరికితే వీపు చీరేస్తానని బకెట్ మీద కూర్చుని పళ్ళు కొరికాను. నవ్వకండి. సొంతంగా చదువుకున్నవాడికి కూడికలు వస్తాయి గాని, ఆ కూడికలో తానూ ఒకడన్నది తట్టదు.

ఏడు దాటింది. ఖాన్‌సాబ్ ఇక గదుల వారీగా పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరు "హాజిర్" అంటున్నారు. ఆ వరసలో, "పోశెట్టి!"

నేను గొళ్ళెం గట్టిగా పట్టుకున్నాను.

"పోశెట్టి! కిధర్ హై పోశెట్టి?"

అయిపోయింది. పొయ్యి దొరికింది. పేరు ఎక్కింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడట, నేను ముక్కు తుడుచుకున్నాను. రెండో గొళ్ళెం కూడా పెట్టాను. వాళ్ళు పిలిచినకొద్దీ నేను బిగుసుకున్నాను.

అందరూ గదుల్లో వెతుకుతున్నారు. ఒక్క జత అడుగులు మాత్రం తుమ్ముకుంటూ తుమ్ముకుంటూ ఇటే వచ్చాయి.

"కాకా! లోపట నువ్వేనా?"

నేను బకెట్ మీద ఇంకా ముడుచుకున్నాను.

"కాకా, మిరపకాయ వాసన వట్టుకొని వచ్చిన. తలుపు తియ్యి."

"బిడ్డా, నా పేరు పిలుస్తుండ్రు. ఎగ్జిట్ కొడ్తరు. నువ్వు పో, మ్యాచ్‌కు పో!"

"ఎట్ల వోవాలె? అది ఎగ్జిట్ లిస్టు గాదు కాకా, హాజరు! తక్కువైన ఒక్కడివి నువ్వే!"

నేను కూర్చున్న బకెట్ నాకింద కదిలింది. భూమి కూడా కదిలినట్టే అనిపించింది.

పెనం చేత్తో పట్టుకుని, మసి మొహంతో, క్యాంపు మొత్తం ముందుకు నడిచాను. తిట్లు వచ్చాయి, వరసగా, జిల్లాలవారీగా. సివిల్ డిఫెన్స్ ఆఫీసరు, సౌదీ ఆయన, పెనంలోకి తొంగిచూసి ఆరుసార్లు తుమ్మాడు.

"ఏష్ హాదా?" ఏమిటిది అని అడిగాడు.

"ఫిల్‌ఫిల్," మిరపకాయ అన్నాను పాలడబ్బా అరబ్బీలో.

"లేష్?" ఎందుకు?

దిష్టికి అరబ్బీ ఎక్కడ దొరుకుతుంది? నరేశ్‌ను చూపించి, వాడి చేతిని చూపించి, నా కన్ను చూపించి, "అయిన్, అయిన్" అన్నాను. కన్ను, కన్ను అని. ఆయన మొహంలో కోపం కరిగింది. చెడుకన్ను సంగతి ఆయనకు మనకంటే బాగా తెలుసు.

"దానికి మాషాఅల్లా అంటే చాలదా హజ్జీ, పెద్దాయనా? క్యాంపు తగలబెట్టాలా?" అని నవ్వి, నా పొయ్యి జప్తు చేయించి, గేటు తీయించాడు.

మేము గ్రౌండు చేరేసరికి ఎనిమిదికి పది నిమిషాలుంది. మంగళూరాయన కారు తాళాలు చేతిలో ఆడిస్తున్నాడు. లింగన్న బంతి నరేశ్ చేతికిచ్చాడు. వాడి కళ్ళు చింతనిప్పులు, నీళ్ళు ధారలు. మొదటి బంతి వైడ్. రెండోది వైడ్. మూడోది అంపైరు పరుగెత్తితే తప్పింది. నాలుగోది ఎటు పోయిందో, ఇప్పటికీ దొరకలేదు. మూడు నెలలు మెస్సు గోడలు నింపినవాడు ఒక్క ఓవరులో నా పేరు నిలబెట్టాడు.

మేనేజరు కారు వైపు నడిచాడు. నేను వెంటపడ్డాను.

"సార్! తప్పు వాడిది కాదు సార్, నాది!" అని మొత్తం కక్కేశాను. పెనం, పొగ, బకెట్, ఒకడు తక్కువ, అన్నీ. లింగన్న నా అంగీ గుంజుతూనే ఉన్నాడు, నేను ఆగితేనా.

ఆయన తలుపు తీసినవాడు ఆగాడు. "నిన్ను వెతికిపట్టింది ఎవరు?"

"వాడే సార్. అందరూ గదులు వెతుకుతుంటే వాడొక్కడే వాసన వెంట వచ్చిండు."

"కళ్ళు అలా ఉండగానా?"

"అలా ఉండగానే సార్."

ఆయన నరేశ్‌ను పిలిచాడు. "బౌలర్లు నాకు బోలెడుమంది. లెక్క తప్పినప్పుడు బుర్ర ఉపయోగించి మనిషిని వెతికి తెచ్చేవాడే దొరకడు. ఫైర్‌వాచ్ పని చేస్తావా?" అన్నాడు. వెల్డింగ్ జరిగేచోట నిప్పు రేగకుండా కాపలా కాసే పని అది.

ఇకామా తీరడానికి మూడు రోజుల ముందు నరేశ్ పచ్చ కంపెనీకి మారాడు. నాకు సంతోషమే. కాని ఆ బంతిని, ఆ చేతిని కాదని ముక్కును చూసి ఉద్యోగమిస్తారా! ఈ అన్యాయం మీద నాకు కోపం ఇంకా ఆరలేదు.

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. ఆ కంపెనీలో వెల్డింగ్ పనులు ఎక్కువగా పెట్టేది సెలవురోజునే. ఫైర్‌వాచ్‌కు ప్రతి శుక్రవారం డ్యూటీ. మెట్‌పల్లి తూటా మళ్ళీ బంతి పట్టలేదు. మొదటి సీజనే ఆఖరి సీజన్. గోడమీది బొగ్గుగీతల కింద ఎవడో రాశాడు: 'దిష్టి తీసినది: పోశెట్టి'. సున్నం కొట్టినా అది పోలేదు.

మరుసటి ఏడు ఖాన్‌సాబ్ గేటు దగ్గర మళ్ళీ కాగితం విప్పాడు. నాకు బుద్ధి వచ్చి ఉంది కదా! "పోశె..." అన్నాడో లేదో, "హాజిర్!" అని నలుగురినీ నెట్టుకుని ముందుకు దూకాను.

ఖాన్‌సాబ్ నన్ను జాలిగా చూశాడు. "పోశెట్టీ, ఛుప్‌నా తో ఇస్ బార్ థా" అన్నాడు. దాక్కోవాల్సింది ఈసారిరా అని. ఆ వారమే పెట్టె సర్దుకున్నాను.

కనుక పెద్దలారా, ఎండుమిర్చి మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను. ఇక ఈ జన్మలో ఎవడు ఎంత బాగా ఆడినా మాషాఅల్లా అని ఊరుకుంటాను. మిరపకాయలు పచ్చడికి వాడతాను. అదీ, పొయ్యి కాలిందో లేదో రెండుసార్లు ముట్టుకు చూసినాకే.