చెరువు తేటపడ్డాక

ఆ కార్తీకంలో ఒక ఉదయం మా ఆయన క్యారేజీ కోసం పప్పు పోపు వేస్తున్నాను. ఇంగువ వాసన తగలగానే కడుపులో దేవింది. ఇంగువంటే నాకు ప్రాణం. అలాంటిది పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. ఉపవాసాలు కదా, పైత్యం చేసిందనుకున్నాను.

మాది విజయనగరం వైపు. మా ఆయన గూడ్సు గార్డు కావడంతో రాయ్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడ్డాం. బండెక్కితే ఆయన ఎప్పుడు తిరిగొస్తారో ఆయనకే తెలీదు. పిల్లల్లేరు. కార్తీక స్నానాలకు కాలనీ వెనక చెరువు దగ్గర చేరే మన తెలుగు ఆడవాళ్లే నాకు తోడు. ఏడాది మొత్తంలో నేను కడుపునిండా మాట్లాడేది ఆ ఒక్క నెలే.

ఆ ఏడు వానలు వెనకబట్టాక చెరువు మీద పచ్చరంగు ఒలకబోసినట్టు తెట్టు కట్టింది. స్నానాలెలా అని మేం బెంగపడుతుంటే, కాలనీ సెక్రటరీ గారు మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, తెప్పించారు. గోనెసంచుల్లో కట్టి నీళ్లలో అటూ ఇటూ ఈడ్పించారు.

“మా ఊర్లో తమలపాకు తోటలకి ఇదే కొట్టీవోళ్లం. సూడండి, బిల్‌కుల్ సాఫ్ అయిపోద్ది” అన్నారు. అన్నట్టే తెట్టు పోయి నీరు తేటపడింది. మేమంతా ఆయన్ని మెచ్చుకున్నాం.

మిగతావాళ్లు స్నానం చేసి ఇంటికెళ్లి కుళాయి నీళ్లు తాగేవారు. మా అత్తగారింటి పద్ధతి వేరు. ఉపవాసమున్న మనిషి తను మునిగిన నీళ్లే బిందెతో తెచ్చుకుని, చుక్క కనబడేదాకా అవే తాగాలి. మా ఆయన పోరు పడలేక వాటిని మరగకాచి తాగేదాన్ని.

వాంతులు ఆగలేదు. తల పగిలిపోయేది. కుడి డొక్క మీద చెయ్యి వేస్తే ప్రాణం పోయేది. స్టేషన్ దగ్గరి డాక్టరు కళ్లు చూసి, “పీలియా లగ్తా హై. పానీ ఉబాల్ కర్ పీజియే” అన్నాడు. కామెర్లట, నీళ్లు కాచి తాగాలట. కాచే కదా తాగుతున్నాను! సరే అని ఇంకాస్త ఎక్కువసేపు మరిగించాను.

పీలియా అన్న మాట నాకంటే ముందే కాలనీ చేరింది. పక్కింటి రత్నం పిన్ని నాకు చుట్టమేమీ కాదు, కానీ ఆ ఊళ్లో నాకు అమ్మంటే ఆవిడే. మధ్యాహ్నం చారు గిన్నె తెచ్చి ప్రహరీ గోడ మీద పెట్టింది. లోపలికి రాలేదు.

“గిన్నె కడిగి ఇచ్చేస్తానుండు పిన్నీ” అన్నాను.

“వద్దులేవే, నువ్వే ఉంచీసుకో. మాకు బోల్డున్నాయి. పీలియా అంటుకుంటాదట కదమ్మా. సెరువుకి కూడా ఇప్పుడు రావొద్దంటన్నారు అందరూ.”

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే తిరిగి రెండు మాటలని ఊరుకునేదాన్ని. అందరూ వెళ్లిపోయాక ఒక్కదాన్నే చెరువుకెళ్లి మునిగి, బిందె నింపుకొచ్చేదాన్ని. వ్రతం మధ్యలో మానితే ఇంకేం ముంచుకొస్తుందోనని భయం.

విరేచనాల్లో రక్తం పడటంతో మా ఆయన సెలవు పెట్టి పెద్దాసుపత్రిలో చేర్చారు. వార్డులో చివరి మంచం ఇచ్చారు. ఆ పక్క మంచం ఖాళీగా ఉంచారు. సెలైన్ పడ్డాక కాస్త తేరుకున్నాను, మళ్లీ జారిపోయాను. హెపటైటిస్ టెస్టులు నెగెటివ్. యూరిన్‌లో ప్రోటీన్, షుగర్ పోతున్నాయి, బ్లడ్‌లో పొటాషియం పడిపోయింది. “లివర్ ఒక్కటే కాదు, కిడ్నీ కూడా దెబ్బతింది. ఎందుకో తెలియడం లేదు” అన్నాడు అక్కడి డాక్టరు హిందీలో. ఎందుకో తెలియకుండానే చచ్చిపోతానేమో, నన్ను ముట్టుకునేవాళ్లు కూడా ఉండరేమో అని గోడకేసి తిరిగి ఏడ్చాను.

మర్నాడు రౌండ్స్‌లో ఆ డాక్టరు చూపు నా తలగడ పక్కన ఫ్లాస్కు మీద పడింది. “ఇస్మే క్యా హై?” అన్నాడు, ఇందులో ఏముందని.

మా ఆయన గర్వంగా చెప్పారు, నా వ్రతం చెడకుండా చెరువు నీళ్లు తనే కాచి రోజూ తెస్తున్నానని. డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెట్టు గురించీ, మైలుతుత్తం గురించీ అన్నీ అడిగాడు. ఆ నీళ్లు కాలేజీలో తనకు తెలిసిన బోటనీ మేడంకి పంపాడు. మైక్రోస్కోపు కింద బ్లూ గ్రీన్ ఆల్గే ముక్కలు, అంటే ఆ పచ్చ తెట్టు తునకలే, కనిపించాయట.

“క్వినైన్ ఆల్కలాయిడ్, తెలుసా? చెట్టు తయారుచేస్తుంది. ఈ ఆల్గేలో కొన్ని జాతులు కూడా ఒక ఆల్కలాయిడ్ విషాన్ని తయారుచేస్తాయి. అది లివర్‌నీ కిడ్నీనీ తింటుంది. నీలా తోతా, అదే మీ మైలుతుత్తం, వేస్తే ఆల్గే చచ్చి, లోపలి విషం నీళ్లలో కలుస్తుంది. కాచినా పోదు. ఎక్కడో ఒక దీవిలో ఇలాగే జరిగిందని చదివాను. నిరూపించే టెస్టు మన దగ్గర లేదు. ముందు ఆ ఫ్లాస్కు పారబోయండి” అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, “యే ఛూత్ కీ బీమారీ నహీఁ హై” అన్నాడు. అంటువ్యాధి కాదని. మందులన్నిటికంటే ఆ చెయ్యి ఎక్కువ పనిచేసింది.

కుళాయి నీళ్లతో, సెలైన్‌తో మెల్లగా కోలుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆయన కాలనీ అంతా తిరిగి సంగతి చెప్పారు. “అంటే నాను మందెట్టి సంపబోయానంటావా?” అని సెక్రటరీ గారు మాటలు మానేశారు. ఆడవాళ్లు తలలూపారు, గుమ్మం మాత్రం ఎక్కలేదు. ఆ చలికాలమంతా రేడియోతోనే మాట్లాడాను.

ఇప్పుడు నా క్రియాటినిన్ నార్మల్‌కి వచ్చింది. ఉపవాసం ఉంటున్నాను, కుళాయి నీళ్లతోనే. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పచ్చ తెట్టు కట్టిన నీళ్లు గానీ, మందేసి ఆ తెట్టు పోగొట్టిన నీళ్లు గానీ, ఎంత తేటగా కనిపించినా, ఎంత మరిగించినా తాగకండి.

మళ్లీ కార్తీకం వచ్చింది. మొన్న మధ్యాహ్నం గోడవతల నుంచి రత్నం పిన్ని గొంతు వినబడింది. “ఏటే, నా చారు గిన్నె ఇచ్చీవా, లేదా?”

ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా. పొయ్యి మీది చారు దాన్నిండా పోసి తెచ్చేసరికి ఆవిడ గోడ దగ్గర లేదు, లోపలికొచ్చి నా గుమ్మంలో చతికిలబడి ఉంది. గిన్నె అందుకుని, ఎత్తి అక్కడే తాగింది.

“ఉప్పు తక్కువేసావే” అంది.


డాక్టరు తగ్గించమన్నాడని చెప్పబోయి, ఉప్పు డబ్బా తెచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను.