సెంట్రీ మామకు రాని వంతు

మా ఎదురింటి సెంట్రీ మామ పోయిన నెలలో చనిపోయారు. నేను మార్కాపురంలో హాస్టల్లో ఉన్నాను. నాయన ఫోన్ చేసి, "మామ పోయినాడమ్మీ. గొర్రెలకు నీళ్లు పెట్టొచ్చి అరుగు మీద కూచున్నాడు, అట్లనే ఒరిగిపోయినాడు" అన్నాడు. మళ్లీ తనే, "ఇంక ఆ కోర్టు చుట్టూ తిరిగే పని లేదులే" అన్నాడు. ఓదార్పుగా అన్న మాటే. నాకు మాత్రం అలా అనిపించలేదు.

పుల్లలచెరువు పక్కన మా ఊరు. మామ ఒక పెద్ద నగరంలో పోలీసు కానిస్టేబుల్‌గా చేసి, సస్పెండై, ఊరికొచ్చి గొర్రెలు పెట్టుకున్నారు. మా ఇంట్లో బడి మెట్లెక్కింది నేనే మొదలు. కానిస్టేబుల్ పరీక్ష రాస్తానంటే ఏం చదవాలో చెప్పేవాళ్లు లేక ఆయన దగ్గరికి వెళ్లాను.

ఆయన గడపలో కూర్చుని చెప్పేవారు. ఎవరింటికి వెళ్లినా గడపలోనే కూర్చునేవారు, తలుపు మూసే వీలు లేకుండా. బస్సులో సీటున్నా డోరు దగ్గరే నిలబడేవారు.

"రాజుల కాలంలో కొత్వాలు అనేటోడు ఉండె. ఊరి కాపలా ఆయనదే. తరవాత తెల్లోళ్లు కమిషనర్ని పెట్టినారు. టోపీలు మారినాయి గాని చేతిలో కర్ర మారలా," అనేవారు. కమిషనర్ కింద జోన్లు, వాటి కింద స్టేషన్లు, క్రైం, ట్రాఫిక్ అంటూ నేల మీద పుల్లతో గీసేవారు. "అందరికంటే కింద లాకప్పు కాడ కాపలా కాసే సెంట్రీ, అంటే నేను. నా కింద ఆఫీసర్ ఇంట్లో కుక్క ఒకటి ఉండెననుకున్నా. దానికి స్నానం చేయించేది నేనే. అంటే అదీ నా పైనే."

అత్త లోపల్నుంచి అనేది, "ఆ కుక్కన్నా పెద్దదై సుఖంగా పోయింది. నీకు పింఛనూ లేకపాయె."

నవ్వేవారు. లాకప్పు మాట వస్తే మాత్రం చేతిలో పుల్ల పక్కన పడేసేవారు. ఆ సంగతి చెప్పడానికి ఆయనకు చాలా కాలం పట్టింది.

నగరంలో ఒక ఇంట్లో బంగారం పోయింది. పెద్దింటి వాళ్లు. సొమ్ము తొందరగా దొరికినట్టు చూపించాలని పైనుంచి ఒత్తిడి. దొంగతనాలు చూసే క్రైం పార్టీ పోలీసులు ఆ వీధిలో పెయింట్ పనిచేసే అబ్బాయిని పట్టుకొచ్చారు, స్టేషన్ పుస్తకంలో ఎక్కడా రాసుకోకుండానే. వెనక గదిలోకి తీసుకుపోయి, మధ్యాహ్నానికి రెండు చేతులూ పట్టుకుని ఈడ్చుకొచ్చి లాకప్పులో పడేశారు. మామ తాళం వేశారు.

లాకప్పు తాళంచెవి సెంట్రీ నడుముకే ఉంటుంది. పైఅధికారి చెప్పనిదే తీయకూడదు. ఇది వాళ్ల పద్ధతి. ఆ అబ్బాయి, "అన్నా, కడుపులో ఏందో అయితాంది" అన్నాడు. మామ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోయి ఆసుపత్రి అన్నారు. "నీ పని తాళం వెయ్యడం. డాక్టర్ పని కాదు" అన్నాడాయన. మామ తిరిగొచ్చి ఊచల ముందు నిలబడ్డారు. సాయంత్రానికి ఆ పిలుపు ఆగిపోయింది.

"తాళం నా నడుముకే ఉండె అమ్మీ," అన్నారు నాతో.

బాత్రూంలో జారిపడ్డాడని స్టేషనంతా ఒకే మాట మీద ఉంది. మామ కూడా మొదట అదే చెప్పారు. తరవాత విచారణకు వచ్చిన మేజిస్ట్రేటు ముందు చూసింది చూసినట్టు చెప్పేశారు. అప్పుడు ఆ మేజిస్ట్రేటు అడిగారట, మరి తాళం ఎవరి దగ్గరుందని. కొట్టినవాళ్లతో పాటు ఆయనా ముద్దాయి అయ్యారు.

కొట్టినవాళ్లు బెయిల్ మీద ప్రమోషన్లు తెచ్చుకున్నారు. మామ వాయిదాలు తెచ్చుకున్నారు. వకీలు చెప్పేవాడు, మేజిస్ట్రేటు రాసుకున్నది చాలదు, జడ్జి అడిగినప్పుడు నీ నోటితో చెప్పాలి, చెబితే నీకూ శిక్ష పడొచ్చు అని. పాత స్నేహితులు వచ్చి మొదటి మాట మీదే ఉండమనేవాళ్లు.

"జారి పడినాడు అంటే పోయేదేముంది?" అని అత్త ఏడ్చేది. "ఇల్లు నిలబడతాది. ఆ పిల్లోడు తిరిగొస్తాడా?"

"రాడు. అందుకే చెప్పాల," అనేవారు మామ. "జడ్జి నన్ను అడిగే రోజొకటి వస్తాది. నా వంతు రానీ."

మామకు చూపు తగ్గాక వాయిదాలకు తోడుగా నేను వెళ్లేదాన్ని. కోర్టు వరండాలో ఆ అబ్బాయి తల్లి గోడవారగా కూర్చునేది. మామ వైపు చూసేది కాదు. ఒక్కసారి మాత్రం, "నువ్వు తలుపు తీసుంటే బతికేటోడు" అంది. "నిజమే తల్లీ" అన్నారాయన.

మామ వెళ్లిన చివరి వాయిదాకు ఆ ఇన్‌స్పెక్టర్, ఇప్పుడు పెద్ద హోదాలో రిటైరయ్యాడు, కారు దిగి మా ముందు ఆగాడు. "ఏరా, గొర్రెలు బాగున్నాయా?"

"బాగున్నాయి సార్. కొట్టకుండానే మాట వింటాయి," అన్నారు మామ.

ఆ రోజు తన వంతు వస్తుందని మామ తెల్ల చొక్కా తొడుక్కున్నారు. జడ్జి గారు సెలవు. తిరుగు బస్సులో డోరు పక్కన నిలబడి బయటికి చూస్తూ ఉన్నారు. నేనుండలేక అడిగాను, "మామా, నన్ను ఈ ఉద్యోగానికి పొమ్మంటావా, వద్దంటావా?"

"పో. మంచోళ్లు పోకపోతే అది ఆ కొట్టేటోళ్లదే అయిపోతాది. కాని తాళం చేతికిచ్చినప్పుడు లోపలున్నోడి మొహం చూసి తీసుకో. చూసినాక ఇంక తప్పించుకోలేవు, అదొకటి గుర్తుపెట్టుకో."

ఆయనకు నేను పడ్డ రుణం ఆ మాట గుర్తుపెట్టుకున్నంత మాత్రాన తీరేది కాదు. నేను పరీక్షలో నెగ్గాను. ఉద్యోగంలో చేరే రోజు దగ్గర పడుతోంది. ఆయన నిలబడిన చోటే రేపు నేనూ నిలబడతానేమోనని భయంగా ఉంది. చేరకుండా ఉండలేనని కూడా తెలుసు.

మరణ ధ్రువపత్రం ఇవ్వడానికి మొన్న వాయిదాకు నేనే వెళ్లాను. బంట్రోతు వరండాలోకి వచ్చి మామ పేరు గట్టిగా పిలిచాడు. నేను లోపలికి వెళ్లాను. వకీలు కాగితం ఇచ్చాడు, జడ్జి గారు చూసి మామ పేరు కొట్టేశారు. అన్నేళ్లు పట్టి ఉంచిన కేసు ఆయనను వదిలిపెట్టడానికి నిమిషం కూడా పట్టలేదు.

బయటికొస్తే ఆ తల్లి నా ఎదురుగా వచ్చింది. "ఆయన రాలేదా?"

"పోయినాడమ్మా."

ఆమె నా మొహంలోకి చూసింది. "చెప్తానన్నాడే," అంది. "మరి చూసినోళ్లు ఇంకెవరుండారు?"

బంట్రోతు ఇంకో కేసు పేర్లు పిలుస్తున్నాడు. జనం పక్కకు తప్పుకుంటూ లోపలికి పోతున్నారు. ఆమె మాత్రం వరండా చివరికి నడిచి, గోడకు చెయ్యి ఆనించి, కింది నుంచి వచ్చే మెట్ల వైపు చూస్తూ నిలబడింది.