నల్లనాలుక వదిన

మా వదిన పోయింది. పోయిన శుక్రవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మెట్ల కింద తన స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించింది. మా రేకుపెట్టెల షెడ్డులో సుత్తుల మోత మధ్యే కునుకు తీసే మనిషి కనుక ఎవరమూ పట్టించుకోలేదు. కాసేపటికి నా కోడలు వెళ్ళి పిలిస్తే పలకలేదు. మా అన్న పోయాక కూడా మద్రాసు చూలైపేటలోని ఈ ఇంటిని వదలని మనిషి, అంత చప్పుడులో ఏ చప్పుడూ లేకుండా వెళ్ళిపోయింది.

పోయినవాళ్ళ నోరు మంచిదని రాయడం లోకరీతి. మా వదిన నోరు మంచిది కాదని మాత్రం చుట్టాలందరిదీ ఒకే మాట. అరవంలో కరునాక్కు అంటారు, అంటే నల్లనాలుక. ఆ నాలుక మీదికి వచ్చిన కీడు జరిగి తీరుతుందట. పెళ్ళిపందిరి చూస్తే, "వాన పడతాదేమో, టార్పాలిన్ తెప్పించండయ్యా" అనేది. కొత్త స్కూటరు చూపిస్తే, "బ్రేకు పట్టుకుంటాదా?" అనేది. నిజానికి ఆమె చెప్పిన కీడుల్లో సగం కూడా జరగలేదు. ఆ నాలుకకు అంత మహిమే ఉంటే మా ఊరికి నీళ్ళిచ్చే పూండి చెరువు ఏటా పొర్లి ఉండేది, మనం లారీ నీళ్ళకోసం బిందెలు వరసపెట్టే గతి తప్పి ఉండేది. ఈమధ్య ఊరి పేరు మార్చి చెన్నై అన్నారు. నీళ్ళు మాత్రం మద్రాసు నాటివే, అంటే లేవనే.

ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, మా ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఆడపిల్ల నెల తప్పితే, మూడో నెల దాటేదాకా ఆ సంగతి బయటికి పొక్కనివ్వరు. దిష్టి భయం. మిగతా ఇళ్ళలో బయట అంటే వీధి. మా ఇంట్లో బయట అంటే మా వదిన.

నాలుగేళ్ళ కిందట కోడలికి మొదటిసారి నెల తప్పినప్పుడు నా భార్య ఆ సంగతి మూడో కంటికి తెలియనివ్వలేదు. నాకూ గుసగుసగానే చెప్పింది. ఆ రోజునుంచి బొప్పాయి మా గడప తొక్కలేదు. అనాసపండు రాలేదు. నువ్వుల డబ్బా అటక ఎక్కింది. ఇంత పకడ్బందీ కాపలా చూసి, వదిన స్టూలు మీదనుంచి నన్ను పిలిచింది.

"ఏం మరిదీ, ఈడ బొప్పాయి కంటబడి నాళ్ళయింది. ఎవురు నీళ్ళోసుకున్నారు?"

"నాకేం తెలుసు వదినా, పెట్టెలు చేసుకునేవాణ్ణి."

"సరే పో, నేనేమీ అడగలా. అమ్మాయిని బిందెలు మొయ్యనియ్యబాకండి. కడుపులో నొప్పొచ్చినా, మైల కనపడినా, కళ్ళు తిరిగినా నాకు చెప్పమను."

ఈ మాటలు నా భార్య చెవిన పడ్డాయి. కీడు పలికిన నోటికి విరుగుడుగా ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. కోడలికి పెద్దత్త కంటబడవద్దని చెప్పింది. ఆ పిల్ల మెట్లు దిగేటప్పుడు పమిట చెంగు పొట్టమీదికి లాక్కుని, తల తిప్పుకుని పోయేది. వదిన చూసీ చూడనట్టు గోడవైపు తిరిగేది. ఆ స్టూలు మాత్రం మెట్ల దగ్గరనుంచి కదలలేదు. కావలి కాస్తున్నట్టుండేది, ఎవరి రాకకోసమో చూస్తున్నట్టూ ఉండేది. నాకు అటు చూడబుద్ధి అయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం, కొడుకు పనిలో ఉన్నాడు, నేను భోజనానికి కూర్చున్నాను. కోడలికి పొత్తికడుపులో ఒక పక్కన నొప్పి. నా భార్య వాయువని వాము నీళ్ళు కాచి ఇచ్చింది. నొప్పి తగ్గలేదు. కాసేపటికి ఆ పిల్ల, "భుజం లాగతా ఉందత్తమ్మా" అంది.

"పొద్దున బిందె ఎత్తినావు కదా, పట్టేసి ఉంటాది" అని నా భార్య బామ్ సీసా తీసింది.

మెట్ల కింద స్టూలు పడిన చప్పుడు. ఇన్నేళ్ళలో వదిన అంత వేగంగా మెట్లెక్కడం నేను చూడలేదు.

"భుజమా? ఎవురికి భుజం?"

కోడలి మొహం పాలిపోయి ఉంది, నుదుటిమీద చల్లటి చెమట. వదిన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చూసింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, నువ్వేమీ అనబాక!" అని నా భార్య అడ్డం వచ్చింది.

"అనకుంటే చస్తాది!" అంది వదిన.

ఏ మాట ఆ నోట రాకూడదని ఇన్నాళ్ళూ దాచామో ఆ మాటే వచ్చింది. "ఏం చూస్తావు మరిదీ? ఆటో పిలువు!" అంది. కింద సుత్తులు ఆగిపోయాయి. మా పనివాళ్ళే ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించారు.

ఆసుపత్రిలో నేరుగా ఆపరేషనుకు తీసుకుపోయారు. నా భార్య తలుపు దగ్గరే నిలబడిపోయింది. వదిన, నేనూ బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పింది, ఎవరికీ చెప్పని సంగతి. వాళ్ళ పుట్టిల్లు తిరువొత్తియూరు. చెల్లెలికి పెళ్ళయిన కొత్తలో రెండో నెల. బయటికి చెప్పకూడదని ఇంట్లోనే ఉంచారు. ఇట్లాగే కడుపు నొప్పి, ఆమీద భుజం నొప్పి.

"భుజానికి ఆముదం రుద్దింది నేనే మరిదీ. నా చేతికిందే చల్లబడిపోయింది. అది భుజం నొప్పి కాదని ఆడ ఎవురికి తెలుసు?"

డాక్టరమ్మ బయటికి వచ్చి, కోడలి ప్రాణం దక్కిందని చెప్పింది. గర్భం సంచిలో కాక పక్కనున్న గొట్టంలో నిలిచిందట. గొట్టం పగిలి కడుపులోకి రక్తం పోయిందట. ఆ రక్తం పైకి పోయి ఊపిరితిత్తుల కిందున్న పొరను ఒరుసుకుంటే నొప్పి భుజానికి తెలుస్తుందట. "ఏం తిన్నా, ఏం మోసినా వచ్చేది కాదండీ, ఎవరి తప్పూ లేదు. ఇంకాస్త ఆలస్యమైతే మాత్రం చెప్పలేను" అంది. బొప్పాయి మీద పెట్టిన కాపలా మేము నొప్పి మీద పెట్టలేదు.

డాక్టరమ్మ ఎవరి తప్పూ లేదన్నా చుట్టాలు ఒప్పుకుంటారా? చూడవచ్చినవాళ్ళంతా మెట్లెక్కేటప్పుడు స్టూలువైపు ఓరగా చూసి, పైకి వచ్చి కరునాక్కు అని గొణిగారు. వదినకు వినపడింది. "ఆమా, అవును, నల్లదే. తెల్లనాలుకలోళ్ళు చెప్పరు గదా, అందుకే నేను చెప్తా ఉండా" అని వక్క కొరుక్కుంది. ఆ తరువాత వీధిలో ఏ పిల్లకు నెల తప్పినా, తల్లులే వెంటబెట్టుకుని చాటుగా మెట్ల కిందికి వచ్చేవాళ్ళు. వదిన అందరికీ ఒకటే చెప్పేది. లేవగానే వికారమైతే రెండు గుప్పిళ్ళు బొరుగులు నమలు. కొంచెం కొంచెంగా పలుమార్లు తిను. తలనొప్పని అంగట్లో మాత్రలు కొని మింగబాక, బిడ్డ బలానికి డాక్టరిచ్చే చిన్న మాత్ర మరవబాక. దిష్టికి మిరపకాయలు తిప్పుకో, నొప్పికి మాత్రం ఆసుపత్రికి పో.

కోడలికి మళ్ళీ నెల తప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఈసారి మొట్టమొదట చెప్పింది పెద్దత్తకే. వదిన మమ్మల్నందరినీ మెట్ల దగ్గరికి పిలిచింది. "చెప్పు బిడ్డా, గట్టిగా చెప్పు" అంది. ఆ పిల్ల సిగ్గుతో, భయంతో, సుత్తుల మోతను మించిన గొంతుతో చెప్పింది. నా భార్య చెవులు మూసుకుంది, తరువాత ఏడ్చింది. అదే రోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఒకసారి అట్లా అయిన మనిషికి మళ్ళీ అయ్యే అవకాశం ఎక్కువని, స్కానులో గర్భం సరైన చోట ఉందో లేదో చూడాలని, ఇంకో వారం ఆగి రమ్మని అంది. ఏ నొప్పి వచ్చినా వెంటనే రమ్మంది.

వారం తిరగకముందే వదిన వెళ్ళిపోయింది.

కడుపుతో ఉన్న మనిషి శవాన్ని చూడకూడదని పెద్దలు కోడల్ని పైకి పంపేశారు. కాదని ఎదురు చెప్పగలిగిన ఒక్క నోరూ పాడె మీద ఉంది. పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని వీధి మలుపుదాకా చూస్తూ నిలబడింది.

స్కాను రేపు. స్టూలును ఎవరూ తియ్యలేదు, దాని మీద ఎవరూ కూర్చోవడమూ లేదు. కోడలు మెట్లు దిగుతూ పమిట సర్దుకోవడానికి చెయ్యి భుజం మీదికి పోనిస్తుంది. కింద సుత్తులు ఆగిపోతాయి. నా భార్య వంటింటి గుమ్మంలోకి వస్తుంది. పమిట సర్దుకుని ఆ చెయ్యి మళ్ళీ కిందికి దిగేదాకా ఇంట్లో ఎవరమూ ఊపిరి తీసుకోము.